తిరుపతి నుంచి బార్బడోస్‌కు నాచు కబురు

2025 మే నెలలో ఒక రాత్రి, కరేబియన్ దీవి బార్బడోస్‌లో వైద్యం చదువుతున్న మా అమ్మాయి ఫోన్ చేసి తన వెండి పట్టీలు నల్లబడ్డాయని చెప్పింది. చింతపండుతో తోమమన్నాను. తోమితే తెల్లబడ్డాయట, కానీ వారం తిరక్కుండా మళ్లీ నలుపెక్కాయి. ఆ తర్వాత వాళ్లు అద్దెకున్న ఇంట్లో ఏసీ పాడైంది. బాగుచేయడానికి వచ్చినాయన రాగి గొట్టాలు చూపించి, ఇదంతా ఒడ్డున కుళ్లుతున్న నాచు చేసిన పని అన్నాడట. నేను ఇంటర్ పిల్లలకు భౌతికశాస్త్రం చెప్తాను. వెండీ రాగీ ఒకేసారి నల్లబడ్డాయంటే హైడ్రోజన్ సల్ఫైడ్ వాయువు అని తట్టడానికి ఎంతోసేపు పట్టలేదు. కుళ్లిన కోడిగుడ్ల వాసన వస్తోందా అని అడిగాను. ‘అమ్మా, అది చెప్పడానికే కదా ఫోన్ చేసింది. క్లాసులో సగం మందికి తలనొప్పి’ అంది.

కాలేజీకి వేసవి సెలవులు. ఎండకు బయటికి కదిలే పరిస్థితి లేదు. ఆ నాచు ఎక్కడ ఉందో, ఎప్పుడు వస్తుందో ఇక్కడి నుంచి తెలుసుకోవచ్చేమో చూద్దామని కంప్యూటర్ ముందు కూర్చున్నాను. పక్కింటివాళ్లు ‘ఏడుకొండలవాడి ఊళ్లో కూర్చుని ఎక్కడి సముద్రమో మీకెందుకు మేడమ్’ అని నవ్వారు. అమ్మాయి అక్కడున్నప్పుడు అది ఎక్కడి సముద్రమో ఎలా అవుతుంది?

ఆ నాచు పేరు సర్గాసమ్. మన్నారు సింధుశాఖలో కూడా సర్గాసమ్ జాతులు ఉన్నాయి, కానీ అవి రాళ్లను పట్టుకుని పెరుగుతాయి. అట్లాంటిక్‌లో ఈ బెడద తెస్తున్న జాతులు రెండు, నటాన్స్, ఫ్లూయిటాన్స్. ఈ రెండూ సముద్రపు అడుగును పట్టుకుని పెరగవు. చిన్న చిన్న గాలితిత్తుల సాయంతో జీవితాంతం నీటిమీదే తేలుతాయి. విరిగిన ప్రతి ముక్కా ఇంకో మొక్కవుతుంది. 1492లో కొలంబస్ ఓడలు ఈ నాచు మధ్య నుంచే వెళ్లాయి. చాలాకాలం దీని నెలవు ఉత్తర అట్లాంటిక్ నడుమ ఉన్న సర్గాసో సముద్రమే. 2011లో కథ మారింది. అంతకు ముందు ఎన్నడూ లేనంతగా భూమధ్యరేఖకు దగ్గరి నీళ్లలో పెరిగి, కరేబియన్ దీవుల మీద పడింది. 2018 జూన్ నాటికి ఆఫ్రికా పశ్చిమ తీరం నుంచి మెక్సికో సింధుశాఖ దాకా 8,850 కిలోమీటర్ల పొడవున రెండు కోట్ల టన్నులకు పైగా పరుచుకుంది. 2025 మేలో, అంటే మా అమ్మాయి పట్టీలు నల్లబడిన నెలలోనే, అది 3.75 కోట్ల టన్నులకు చేరిందని దక్షిణ ఫ్లోరిడా విశ్వవిద్యాలయం వారు లెక్కగట్టారు. 2022లో నమోదైన పాత రికార్డు కూడా చెరిగిపోయింది. ఎందుకింతగా పెరుగుతోందన్న వాదన ఇంకా తెగలేదు. అమెజాన్ నది తెచ్చే పోషకాలని కొందరు, లోతు నుంచి పైకి వచ్చే పోషకాలని కొందరు, 2009-10 చలికాలపు అసాధారణ గాలులు దీన్ని దక్షిణానికి తోశాయని కొందరు అంటారు. ఒడ్డున ఉన్నవాళ్లకు ఆ వాదన తీరేదాకా ఆగే తీరిక లేదు. సముద్రంలో ఉన్నంతసేపు చేపపిల్లలకూ తాబేలు పిల్లలకూ నీడనిచ్చే ఈ నాచు, ఒడ్డున పడి రెండు రోజులైతే చాలు కుళ్లి విషవాయువు వదులుతుంది.

ముందుగా, ఇతరులు చేసిపెట్టిన పటాలు చూశాను. అమెరికా సముద్ర వాతావరణ సంస్థ నోవా తీరపు ముప్పు పటం ఇస్తుంది. తీరంలో ప్రతి బిందువుకు చుట్టూ 50 కిలోమీటర్ల పరిధిలో ఉపగ్రహానికి కనిపించిన నాచును బట్టి తక్కువ, మధ్యస్థం, ఎక్కువ అని రంగు వేస్తారు. బార్బడోస్‌లోనే ఉన్న వెస్టిండీస్ విశ్వవిద్యాలయం కేవ్ హిల్ ప్రాంగణం వారు తూర్పు కరేబియన్ దీవులకు రాబోయే మూడు నెలల అంచనా విడుదల చేస్తారు, చేపల వేట ఎలా ఉండబోతుందో కూడా అందులోనే చెప్తారు. రెండూ ఉచితం, రెండూ మంచి పనులు. అమ్మాయికి పంపాను. ‘దీవి తూర్పంతా ఎరుపే ఉందమ్మా, నేనేం చేయాలి దీంతో?’ అంది. ఆమె అడిగింది సబబే. బార్బడోస్ పొడవు 34 కిలోమీటర్లు, వెడల్పు 23. యాభై కిలోమీటర్ల వృత్తం గీస్తే దీవి మొత్తం అందులో మునిగిపోతుంది. హోటల్‌కు నెలల ముందుచూపు కావాలి, యంత్రాలూ మనుషులూ మాట్లాడుకోవాలి కాబట్టి. ఒక చిన్న ఇసుకతీరం పక్కన కిటికీ తెరవాలా వద్దా అనుకునేవాళ్లకు కావలసింది రెండు మూడు రోజుల కబురు. అది నేను చేయగలనా అన్నదే ప్రశ్న.

ఆకులో ఉండే పత్రహరితం ఎర్రటి కాంతిని తాగేస్తుంది, కంటికి కనిపించని సమీప పరారుణ కాంతిని మాత్రం బాగా తిప్పికొడుతుంది. నీరు సమీప పరారుణాన్ని దాదాపు పూర్తిగా మింగేస్తుంది. కాబట్టి నీటిమీద ఏదైనా ఆకు తేలుతుంటే ఆ కాంతిలో మెరుస్తూ కనిపిస్తుంది. చువాన్‌మిన్ హు అనే శాస్త్రవేత్త 2009లో ప్రకటించిన ‘తేలే నాచు సూచిక’ ఈ సూత్రం మీదే నిలబడింది. ఎర్రటి కాంతి విలువ నుంచి పొట్టితరంగ పరారుణ విలువకు ఒక గీత గీసి, సమీప పరారుణం ఆ గీతకు ఎంత పైన ఉందో చూడాలి. ఐరోపావారి సెంటినెల్-2 ఉపగ్రహంలో ఆ మూడు తరంగదైర్ఘ్యాలు 665, 842, 1610 నానోమీటర్లు. ఉదాహరణకు ఎరుపు 0.03, పొట్టితరంగం 0.01 అనుకుందాం. 842 దగ్గర గీత 0.026 ఎత్తున ఉంటుంది. అక్కడ అసలు విలువ 0.06 వస్తే తేడా 0.034, అంటే ఏదో తేలుతోంది. శుభ్రమైన నీటిలో ఈ తేడా సున్నాకు కిందికి పోతుంది. ఇంటర్ మొదటి సంవత్సరం పిల్లలు కూడా చేయగల లెక్క. చిక్కంతా ఆ లెక్కను ఉపగ్రహ బొమ్మలోని లక్షల చుక్కల మీద చేయడంలో ఉంది. నా దగ్గర చదువుకుని ఇప్పుడు ఏర్పేడు వైపు పరిశోధన చేసుకుంటున్న ఒక కుర్రాడు ఆదివారాలు వచ్చి పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాష నేర్పాడు. ‘మేడమ్, మీరు మాకు హోంవర్క్ ఇచ్చిన దానికి ఇదా బదులు’ అని ఆటపట్టిస్తూనే, ఓపిగ్గా నేర్పాడు.

ఎక్కడో సముద్రం మీద లెక్క సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? అందుకని మొదట ఇంటి దగ్గరే చూసుకున్నాం. చంద్రగిరి వైపు ఒక చెరువు నిండా గుర్రపుడెక్క ఉంది. ఉపగ్రహం ఆ చెరువు మీదుగా వెళ్లిన రోజు బొమ్మ దించి లెక్క వేస్తే, ఈశాన్య మూలన పెద్ద పచ్చ మరక వచ్చింది. మర్నాడు మా ఆయన స్కూటర్ మీద వెళ్లి చూశాం. డెక్క ఉంది, కానీ ఆ మూలన కాదు, ఎదురు గట్టున. గేదెలు కడుగుతున్న ఒక పెద్దాయన, అదంతేనమ్మా, పొద్దున అటు సాయంత్రం ఇటు, గాలి ఎటు తోస్తే అటు పోతుంది అన్నాడు. బార్బడోస్ గురించి నాకు తెలియవలసిన సగం సంగతి ఆయన ఆ గట్టుమీదే చెప్పేశాడు.

సూచిక పని చేస్తుందని తేలింది, కానీ అది అమాయకురాలు. పచ్చగా ఉన్నది ఏదైనా దానికి ఒకటే. గుర్రపుడెక్కకూ సర్గాసమ్‌కూ తేడా తెలియదు. పచ్చగా లేనిదాన్ని కూడా ఒక్కోసారి పచ్చగానే చూస్తుంది. బార్బడోస్ తూర్పు తీరపు మొదటి బొమ్మ మీద లెక్క నడిపితే సముద్రమంతా నాచే అన్నట్టు వచ్చింది. అందులో మబ్బుల అంచులు ఉన్నాయి, రాళ్ల మీద విరిగే అలల నురగ ఉంది, నీటిమీద సూర్యుడి తళుకు ఉంది, ఓడలు వెళ్లిన చాలు ఉంది. ఒకచోట మాత్రం నాకు భలే ముచ్చటేసింది. ఎరుపు, ఆకుపచ్చ, నీలం రంగుల్లో పక్కపక్కనే మూడు చిన్న విమానాలు! ఉన్నది ఒకే విమానం. సెంటినెల్-2 ఒక్కో రంగును క్షణాల తేడాతో చూస్తుంది, ఆ క్షణాల్లో విమానం ముందుకు కదిలిపోయింది. ఈ కిటుకు తెలిశాక వేగంగా కదిలేవాటినీ, చాలా ఎత్తున ఉన్నవాటినీ వడగట్టడం తేలికైంది, ఎందుకంటే వాటి చుట్టూ రంగుల అంచు పడుతుంది. నీటిమీద తేలే నాచుకు అలాంటి అంచు ఉండదు. అయినా చాలా రోజులు ఆ పని రాళ్లలోంచి బియ్యం ఏరుకున్నట్టే సాగింది.

చివరికి నాచును పట్టిచ్చింది దాని ఆకారమే. మబ్బు ముద్దలా ఉంటుంది, నురగ తీరాన్ని అంటుకుని ఉంటుంది. సర్గాసమ్ మాత్రం సన్నటి పొడవాటి చారలుగా, గాలి వీచే దిశలో సాగి ఉంటుంది. గాలికి నీటి పైపొరలో గొట్టాల్లాంటి సుడులు ఏర్పడి, తేలేవాటిని వరుసల్లోకి నెట్టడమే దీనికి కారణం. దాన్ని లాంగ్‌మ్యూర్ ప్రసరణ అంటారు. పది మీటర్ల చుక్కల బొమ్మలో ఆ చారలు ఒకసారి కంటికి పట్టుబడితే ఇక మరిచిపోలేం. కంప్యూటర్ చెప్పినదాన్ని కన్నుతో మరోసారి చూడకుండా నేను ఏదీ పంపలేదు. దీన్ని చాదస్తమన్నాడు కుర్రాడు. కావచ్చు.

ఇంతలో ఇంకో గోడ అడ్డొచ్చింది. సెంటినెల్-2 నడిసముద్రాన్ని మామూలుగా బొమ్మ తీయదు. దాని పని నేల, దీవులు, తీరం నుంచి ఇరవై కిలోమీటర్ల దాకా నీళ్లు. ఇరవై కిలోమీటర్లలోకి వచ్చేసిన నాచు గురించి చెప్పడమంటే బస్సు స్టాండులోకి వచ్చేశాక బస్సు వస్తోందని చెప్పడమే. పైగా ఒకసారి వచ్చి వెళ్తే మళ్లీ అయిదు రోజులకు గానీ రాదు, ఆ రోజు మబ్బు పడితే ఇంకో అయిదు రోజులు. కాబట్టి దూరపు చూపు కోసం నాసా వారి టెర్రా, ఆక్వా ఉపగ్రహాల మోడిస్ పరికరం దగ్గరికి వెళ్లాలి. చుక్క ఒక కిలోమీటరు, కానీ దాదాపు రోజూ చూస్తుంది. అంత పెద్ద చుక్కలో ఒక శాతం లోపు నాచు ఉన్నా పసిగట్టగలదు. అందులో వాడే సూచిక పాతదాని చెల్లెలు, పొట్టితరంగం బదులు 869 నానోమీటర్ల పట్టీని వాడుతుంది. దక్షిణ ఫ్లోరిడా వారు ఏడు రోజుల బొమ్మలను కలిపి మబ్బుల కంతలు పూడ్చి ఇస్తారు, నేను దాన్నే తీసుకున్నాను. సముద్రపు రంగు చూసే పరికరం మన దగ్గర కూడా ఉంది. 2022 నవంబరు 26న మా జిల్లాలోని శ్రీహరికోట నుంచే ఎగిరిన ఓషన్‌శాట్-3 పదమూడు వర్ణపట్టీల్లో, 360 మీటర్ల చుక్కలతో చూస్తుంది. హైదరాబాద్‌లోని సముద్ర సమాచార కేంద్రం ఇన్‌కాయిస్ కేరళ తీరం, మన్నారు సింధుశాఖ, గోపాల్‌పూర్, ఈశాన్య అరేబియా సముద్రాల్లో సూక్ష్మ నాచు విజృంభించినప్పుడు కబురు చెప్పే సేవ నడుపుతోంది. రేణిగుంట మీదుగా రోజూ తిరిగే మా వాళ్లలో చాలామందికి ఈ సంగతి తెలియదు, నాకూ అప్పుడే తెలిసింది.

నాచు ఎక్కడుందో తెలిసింది, ఎటు పోతుందో తేల్చాలి. నీటి ప్రవాహం దాన్ని మోస్తుంది, గాలి పక్కకు తోస్తుంది. ఆ తోపు గాలి వేగంలో సుమారు ఒక శాతమని పరిశోధకులు వాడుతున్నారు. సెకనుకు ఏడు మీటర్ల తూర్పు గాలి ఉంటే రోజుకు ఆరు కిలోమీటర్లు. ప్రవాహం సెకనుకు ముప్పై సెంటీమీటర్లుంటే రోజుకు దాదాపు ఇరవై ఆరు. నార్వే వాతావరణ సంస్థ ఉచితంగా ఇచ్చే ఓపెన్‌డ్రిఫ్ట్ అనే సాఫ్ట్‌వేర్‌లో ఈ రెండూ పెట్టి, నాచు కనిపించిన చోట వెయ్యి ఊహా ముక్కలు వదిలితే, అవి రాబోయే రోజుల్లో ఎక్కడెక్కడికి చెదురుతాయో గీసి చూపిస్తుంది. అందులో నాలుగో వంతు దాటి మా అమ్మాయి ఇంటి వైపు తీరానికి చేరితే ‘ఎక్కువ’, పదో వంతులోపు అయితే ‘తక్కువ’, మధ్యలో ‘మధ్యస్థం’ అని పెట్టుకున్నాను. ఈ గీతలు నేను గీసుకున్నవే, వేదవాక్కులు కావు.

నేను వాడిన ప్రవాహాల లెక్కలో ఒక్కో గడి వెడల్పు సుమారు తొమ్మిది కిలోమీటర్లు. బార్బడోస్ వెడల్పు అందులో మూడు గళ్లకు కూడా సరిగ్గా రాదు. ఒక చిన్న తీరపు వంపు గురించి ఆ గళ్లకు ఏం తెలుస్తుంది? దీవికి పది పదిహేను కిలోమీటర్ల దూరం వరకు కంప్యూటర్‌ను నమ్మవచ్చు. ఆ తర్వాతి ముక్క అక్కడున్న మనిషి చెప్పవలసిందే. ఈ పని అమ్మాయికి అప్పగించాను. రోజూ కాలేజీకి వెళ్లేముందు ఒకే చోట నిలబడి, ఒకే వైపు తిరిగి ఫొటో. ఇసుక మీద నాచు పట్టీ పక్కన కొలత కోసం ఒక చెప్పు. తాజాగా బంగారు రంగులో ఉందా, ముదురు గోధుమ రంగులో ఎండిందా, నల్లబడి కుళ్లిందా. గాలి ఎటు నుంచి. ఇంతే, నాలుగు విషయాలు. మొదట్లో ‘అమ్మా, అనాటమీ పరీక్షలున్నాయి’ అని సణిగింది గానీ మానలేదు. తాజా నాచుకూ పాతదానికీ తేడా రాసుకోవడం ఎంత అవసరమో ఆ ఫొటోలు చూశాకే బోధపడింది. ఒడ్డున గుట్ట ఉందంటే నా సూచన ఫలించిందని కాదు, అది పోయిన వారం వచ్చి కదలకుండా ఉండవచ్చు. రంగు రాయకపోతే నా లెక్కలన్నీ నిజమైనట్టే కనిపించేవి.

ఇంటి యజమానురాలి తమ్ముడు కాన్సెట్ బే దగ్గర చేపల పడవ నడుపుతాడు. మా అమ్మాయి చెప్పే కబురు ఆయన దాకా వెళ్లింది. ఆయన ఫోన్‌లో అడిగింది ఒక్కటే, అమ్మాయి తెలుగులో చెప్పింది: ‘ఎల్లుండి పొద్దున పడవ నీళ్లలోకి దించితే మళ్లీ ఒడ్డుకు తేగలనా?’ వెళ్లేటప్పుడు బాగానే ఉంటుంది, తిరిగొచ్చేసరికి రేవు మూసుకుపోతుంది, నాచు పంఖాకు చుట్టుకుంటుంది, ఇంజను చల్లబరచుకునే నీటి గొట్టం పూడుకుపోతుంది. అక్కడివాళ్లు ప్రాణం పెట్టుకునే ఎగిరేచేపలు కూడా నాచు ముసిరిన ఏళ్లలో సరిగా పడటం లేదట. ఆయనకు టన్నులు అక్కర్లేదు, పటం అక్కర్లేదు. అందుకని ఆయన కోసం సూచనను తిరగరాశాను: ఉదయం ఎలా ఉంటుంది, మధ్యాహ్నం ఎలా ఉంటుంది, గాలి మళ్లితే ఏమవుతుంది. మూడు వాక్యాలు. ఇన్ని బొమ్మలు, ఇంత పైథాన్ కలిసి మూడు వాక్యాలయ్యేసరికి కుర్రాడు కొంచెం నొచ్చుకున్నాడు.

జూన్ చివర్లో సహారా ధూళి వచ్చింది. ఏటా వేసవిలో ఆఫ్రికా ఎడారి దుమ్ము అట్లాంటిక్ దాటి బార్బడోస్ దాకా వస్తుంది. ఆ దుమ్మును కొలవడం 1960ల నుంచే ఆ దీవి తూర్పు తీరాన జరుగుతోంది. మాకు మాత్రం అది కంటికి అడ్డంపడ్డ తెర. వరసగా కొన్ని రోజులు తూర్పు సముద్రమంతా బూడిద రంగు. పాత బొమ్మలో నాచు ఉన్న చోటు నుంచి ముక్కలను నడిపించుకుంటూ పోవచ్చు, కానీ రోజు గడిచేకొద్దీ ఆ వెయ్యి ముక్కలు సముద్రమంతా చెదిరిపోతాయి. అప్పుడు సూచనలో ‘ఈ రోజు తెలియదు’ అని రాశాను. ‘తెలియదని పంపడం దేనికమ్మా, మానేస్తే పోలా?’ అంది అమ్మాయి. మానేస్తే నాచు లేదని అనుకుంటారు కదా అన్నాను. ఇద్దరం కాసేపు వాదించుకున్నాం. తర్వాత ఆ జాలరే తేల్చాడు: తెలియదన్న రోజు కొండ మీదికెక్కి తనే చూసి వెళ్తాడట, కబురు రాని రోజు మాత్రం వాళ్లు మరిచిపోయారేమో అనుకుంటాడట. ఆ రోజు నుంచి ‘తెలియదు’ మా నాలుగో రంగు.

ఎంతవరకు ఫలించింది అంటే, ‘ఎక్కువ’ అన్న రోజుల్లో సగానికి పైగా తాజా నాచు వచ్చింది. తప్పినవాటిలో చాలావరకు గాలి దిశ మారిన రోజులే. ఆ గాలి సూచన కూడా నేను ఇంకొకరి దగ్గర తెచ్చుకున్నదే. ‘తక్కువ’ అన్నప్పుడు గుట్టలు పడిన రోజు ఒకటి ఉంది, బాగా గుర్తుంది. చిన్న తుఫాను ఒకటి పక్కగా వెళ్లి, మామూలుగా ఆ తీరాన్ని తప్పించుకుపోయే చారను లోపలికి తోసింది. కంప్యూటర్‌కు ఆ చార కనిపించింది, గాలి మాత్రం అందలేదు. అయినా ‘ఎక్కువ’ అన్న రోజుల్లో వాళ్లు సముద్రం వైపు కిటికీలు మూసుకున్నారు, ఆస్తమా ఉన్న స్నేహితురాలు రెండు రాత్రులు ఊరి పడమటి వైపున్న వేరే ఇంట్లో పడుకుంది, ఏసీ బయటి పెట్టెకు తడిగుడ్డ తొడిగారు. చివరిదానివల్ల ఉపయోగం ఉందో లేదో నాకు సందేహమే. సల్ఫైడ్‌ను తడిగుడ్డ ఎంత ఆపుతుంది?

కాలేజీ తెరిచాక పగటిపూట కుదరక, రాత్రి భోజనాలయ్యాక చేస్తున్నాను. మన రాత్రి పది వాళ్లకు మధ్యాహ్నం పన్నెండున్నర, ఆ పొద్దుటి ఫొటో అప్పటికి వచ్చేసి ఉంటుంది. మా అమ్మాయి ఆసుపత్రి శిక్షణ కోసం ఆ తీరం వదిలి వెళ్లిపోతోంది. ఫొటోల పని ఆమె కన్నా ఒక ఏడాది చిన్నదైన గుంటూరు అమ్మాయి తీసుకుంది. మొదటి ఫొటో నిన్ననే వచ్చింది, నాచు పట్టీ బంగారు రంగులో, చాలా వెడల్పుగా. చెప్పు కూడా పక్కనే పెట్టింది. ఆ చెప్పు సైజు ఎంతో అడగాలి, మా అమ్మాయిది అయిదు.